ఊరికే కూర్చుంటే ఊరుకుందామా?

మన ఇళ్లలో ఒక ప్రమాదకరమైన అలవాటు ప్రబలుతోంది. ఎవరితోనూ గొడవ పడకుండా, ఒంట్లో బాగానే ఉండి, చేతిలో ఫోన్ కూడా లేకుండా కొందరు ఒక్కళ్లే కూర్చుంటున్నారు. పైగా హాయిగా ఉందంటున్నారు. బాధగా ఉందంటే ఓదార్చవచ్చు. హాయిగా ఉందనేవాణ్ణి ఏం చేయాలి?

బాధ్యత తెలిసిన కుటుంబాలు వెంటనే రంగంలోకి దిగుతున్నాయి. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. పిన్ని "ఎవరైనా ఏమన్నా అన్నారా నాన్నా?" అని ఆరా తీస్తుంది. పెళ్లి కానివాడైతే సంబంధాలు చూడాలని, అయినవాడైతే ఆలుమగల మధ్య ఏదో ఉందని బాబాయ్ తేల్చేస్తాడు. "ఏం లేదు బాబాయ్, ఊరికే" అన్న జవాబు మన దగ్గర చెల్లదు.

శాస్త్రవేత్తలు మాత్రం నేరస్తుల పక్షమే. ఒంటరిగా ఉండగలగడం మానసిక పరిణతికి గుర్తని విన్నికాట్ అనే బ్రిటిష్ మానసిక విశ్లేషకుడు 1958లో రాశాడు. ఆ శక్తి పసితనంలో తల్లి దగ్గరే అలవడుతుందట. తల్లి పక్కనే ఉంటుంది గానీ జోక్యం చేసుకోదు, బిడ్డ తన లోకంలో తానుంటాడు. పక్కనే ఉండి జోక్యం చేసుకోని తల్లి! అన్నం ముద్ద పట్టుకుని వీధి చివరిదాకా వచ్చే మన అమ్మలను పాపం ఆయన చూసినట్టు లేదు.

2014లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ప్రయోగం కొంత నయం. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. కావాలంటే కరెంటు షాక్ కొట్టించుకోవడానికి ఒక బటన్ ఇచ్చారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు నొక్కుకున్నారు. ఒక మహానుభావుడైతే 190 సార్లు! మనకు ఆ ఖర్చు లేదు. గదిలోకి ఒక మేనత్తను పంపిస్తే చాలు.

అయినా మనం మరీ కఠినాత్ములం కాదు. సాకు చూపిస్తే వదిలేస్తాం. బాత్రూమ్, వాకింగ్, బండి కడగడం, సిగరెట్ అన్నిటికీ అనుమతి ఉంది. ఊపిరితిత్తులు పాడైనా ఫర్వాలేదు, ఊరికే మాత్రం నిలబడకూడదు.

ఆడవాళ్లలో ఈ జాడ్యం తక్కువ. వాళ్లకు కూర్చునే తీరిక ఇవ్వకుండా ముందుజాగ్రత్త పడ్డాం. అయితే కొందరు పూజగది తలుపు దగ్గరికి వేసుకుంటున్నారు. సహస్రనామాలు చదవడానికి ఎంతసేపు పడుతుందో మగవాళ్లకు తెలియకపోవడం వాళ్లకు బాగా కలిసొచ్చింది. మా వీధిలో ఈ మధ్య గంటన్నర పడుతోందని సమాచారం. విచారణ జరిపించాలి.