హాలు ఫ్రీ అన్నవాడి ప్లేటు లెక్క చూడండి

మా డీలర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లయినా తిరిగే మెసేజ్ ఒకటుంది. ఈసారి నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఒకటి మా బావమరిది పంపాడు, కింద దండం బొమ్మతో సహా. దాని సారాంశం ఇది: బిజినెస్ మీటింగుకు హాలు అద్దె కట్టేవాడు అమాయకుడు. పెద్ద హోటల్లో భోజనం ప్లేట్లు మాట్లాడుకుంటే హాలు ఉచితం. వంద మంది హాలంటే వంద మందీ పడతారు. జీఎస్టీ ఎంత వేసినా ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడంలో, వెనక్కి వస్తుంది. మైకు, ప్రొజెక్టరు అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. వారం ముందు ఫోన్ కొడితే చాలు, కాగితాలు అక్కర్లేదు.

నేను చాలా ఏళ్లుగా ఒక మోటారు పంపుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేస్తున్నాను. విజిటింగ్ కార్డు మీద సేల్స్ అని ఉంటుంది గానీ, డీలర్ల మీట్ అనగానే హాలు వెతికే పని నా నెత్తినే పడుతుంది. ఈ మెసేజ్ నమ్మి నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చెబుతాను. ఇందులో కొంత నిజం కూడా ఉంది, దాని దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

"ప్లేట్లు మాట్లాడుకుంటే హాలు ఉచితం"

అద్దె ఎక్కడికీ పోదు, ప్లేటులోకి దూరుతుంది. హోటల్ వాళ్లు హాలు ఉచితమన్న మరుక్షణం ఇంకో మాట అంటారు, "మినిమం గ్యారంటీ" అని. వంద ప్లేట్లు గ్యారంటీ ఇచ్చి డెబ్బై మంది వస్తే వందకీ కట్టాలి. నూట పది మంది వస్తే మాత్రం నూట పదికీ కట్టాలి. అంటే రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. ప్లేటు 950 రూపాయలు, గ్యారంటీ 100 అనుకోండి. 95,000. దాని మీద 18 శాతం పన్ను 17,100. మొత్తం 1,12,100. వచ్చింది డెబ్బై మంది. ఇప్పుడు ఇంకో దారి. ఒక అసోసియేషన్ భవనంలో హాలు అద్దె 25,000, పన్నుతో 29,500. బయటి క్యాటరర్ ప్లేటు 350 చొప్పున డెబ్బై మందికి 24,500, దాని మీద 5 శాతం 1,225. మొత్తం 55,225. సగానికి సగం తేడా. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే. రెండు కొటేషన్లూ తీసుకుని, వచ్చే మనుషుల అసలు సంఖ్యతో భాగించి, తలకు ఎంత పడిందో చూడండి.

ఆ అసలు సంఖ్య దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. డీలరును ఫోన్లో అడిగితే "తప్పకుండా వస్తానన్నా" అంటాడు. నాట్లు పడుతున్న వారమైతే పంపుల షాపు వదిలి ఎవడొస్తాడు? నా అనుభవంలో వస్తానన్నవాళ్లలో నాలుగో వంతు రారు. కాబట్టి నేను గ్యారంటీ తక్కువకే ఇచ్చి, పైన పదిహేను ఇరవై ప్లేట్లకు అదే రేటు రాయించుకుంటాను. ఇంకొకటి, ప్లేట్లు లెక్కపెట్టేది క్యాటరింగ్ కుర్రాళ్లే. భోజనాల దగ్గర మన మనిషిని ఒకణ్ని నిలబెట్టండి. ఒకే మనిషి బిర్యానీకి ఒక ప్లేటు, పెరుగన్నానికి ఇంకో ప్లేటు తీసుకుంటే అక్కడ రెండు పడతాయి.

ఫంక్షన్ హాళ్లలో ఇంకో రకం వడ్డన ఉంటుంది. అద్దె తక్కువ చెబుతారు. కరెంటు మీటరు రీడింగు ప్రకారం, జనరేటరుకు డీజిల్ గంట లెక్కన, క్లీనింగు వేరే, డెకరేషన్ వాళ్ల మనిషి చేతే చేయించాలి. ఇవన్నీ హాలు ఖాళీ చేసే రాత్రి, డిపాజిట్ వెనక్కిచ్చేటప్పుడు బయటికొస్తాయి.

"జీఎస్టీ మొత్తం వెనక్కి వస్తుంది"

మెసేజ్ మొత్తంలో చేటు చేసే వాక్యం ఇదే. మిగతావాటితో ఒక పూట ఇబ్బంది పడతాం. దీనితో ఆడిటరు దగ్గర దొరుకుతాం.

సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 17(5) ప్రకారం తిండి, క్యాటరింగు మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. క్యాటరింగే వ్యాపారంగా ఉన్నవాళ్లకూ, ఏదైనా చట్టం ప్రకారం ఉద్యోగులకు తిండి పెట్టి తీరాల్సినవాళ్లకూ మినహాయింపు ఉంది. పంపులు అమ్ముకునే మనకు లేదు. హాలు అద్దె మీద కట్టిన 18 శాతానికైతే వ్యాపారం కోసం తీసుకున్నాం కాబట్టి క్రెడిట్ తీసుకోవచ్చు. ఇప్పుడు మొదటి పాయింటుకు వెనక్కి వెళ్లండి. హాలు "ఉచితం" అన్నారు, బిల్లు మొత్తం ప్లేట్ల పేరు మీదే వచ్చింది. అంటే అందులో క్రెడిట్ తీసుకోదగ్గ పైసా లేదు. పై ఉదాహరణలో 17,100 మట్టిపాలు. రెండో దారిలో హాలు మీద కట్టిన 4,500 చేతికొస్తుంది.

తిండి మీద పన్ను కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. గదికి రోజుకు 7,500 రూపాయల పైన తీసుకునే హోటళ్లలో 18 శాతం, మిగతా చోట్ల మామూలుగా 5 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఈ 7,500 లెక్కను బోర్డు మీది రేటుతో కాకుండా, అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో నిజంగా వసూలు చేసిన రేటుతో చూస్తున్నారు. హోటలు తనంతట తాను డిక్లరేషన్ ఇచ్చి 18 శాతంలోకి వెళ్లే వీలూ ఉంది. అందుకని పక్కపక్కన ఉన్న రెండు హోటళ్లలో ఒకే బిర్యానీకి రెండు పన్నులు పడొచ్చు. కొటేషన్ తీసుకునేటప్పుడే అడగాలి.

ఇంకొకటి రెండు రాష్ట్రాల మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. మా ఆఫీసు విజయవాడలో, జీఎస్టీ నంబరు ఆంధ్రా కోడు 37తో మొదలవుతుంది. డీలర్లు రెండు వైపులా ఉన్నారని ఒక ఏడాది మీట్ హైదరాబాదులో పెట్టాం. హాలు బిల్లు మీద సీజీఎస్టీ, తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ) వేశారు. అది తప్పు కాదు. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జీఎస్టీ) చట్టం సెక్షన్ 12(3) ప్రకారం ఫంక్షనుకిచ్చిన స్థలం ఎక్కడుంటే సేవ అక్కడ అందినట్టే. తెలంగాణలో కట్టిన ఆ పన్ను ఆంధ్రా రిజిస్ట్రేషనులో క్రెడిట్‌గా రాదు. మా ఆడిటరు గారు బిల్లు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అలా పెట్టారంటే డబ్బు పోయినట్టే. హైదరాబాదులో బ్రాంచి ఉండి తెలంగాణ కోడు 36తో మొదలయ్యే నంబరు మీకుంటే బిల్లు దాని మీద రాయించండి. లేకపోతే ఆ పన్నును ఖర్చు కిందే లెక్కేసుకుని ఊరు ఎంచుకోండి. హైదరాబాదు కంపెనీ తిరుపతిలోనో విశాఖలోనో మీట్ పెట్టినా ఇదే కథ.

"వంద మంది హాలంటే వంద మందీ పడతారు"

ఎలా కూర్చుంటే? హోటల్ వాళ్లు చెప్పే సంఖ్య ఎప్పుడూ థియేటర్ సీటింగుది, అంటే బల్లలు లేకుండా వరసగా కుర్చీలు. అలా అయితే మనిషికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు చాలు, వెయ్యి అడుగుల గదిలో వంద మంది పడతారు. ముందు బల్ల కావాలంటే, అంటే క్లాస్‌రూమ్ సీటింగ్ అయితే, అదే గదిలో యాభై అరవై మంది. యూ షేపులో ముప్పై మంది. మా మీట్లలో స్కీము కాగితాలు, కేటలాగు, బిర్యానీ కంటే ముందే వచ్చే సమోసా, అన్నీ ఒళ్లో పెట్టుకుని రాసుకోమంటే ఎవరూ రాసుకోరు. వేదికకూ, పంపుల డిస్‌ప్లేకూ పోయే జాగా ఇందులో ఇంకా కలపలేదు.

ఫోటోలు చూసి బుక్ చేయకండి. గదికి వెళ్లి ఆఖరి వరసలో కూర్చోండి. మధ్యలో స్తంభం ఉందా? తెర అడుగుభాగం ముందువాళ్ల తలల మీద నుంచి కనిపిస్తుందా? తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటితే వెనకవాళ్లకు అంకెలు కనిపించవు. డీలర్లకు కావాల్సింది ఆ అంకెలే. ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం తిరిగొస్తే మైకులో మాట ముద్దవుతుంది. మాకు ఇంకో బాధ ఉంది. పది హార్స్‌పవర్ మోటారు చూపించాలంటే దాన్ని నాలుగో అంతస్తుకు ఎవరు మోస్తారు? సామాన్ల లిఫ్టు ఉందో లేదో, అది పని చేస్తుందో లేదో అడుగుతాను. "ఉంది సార్" అంటే సరిపోదు, ఎక్కి చూస్తాను.

ఇక గోడల సంగతి. పెద్ద బాంక్వెట్ హాళ్లను మడిచే పార్టిషన్లతో రెండు మూడు ముక్కలు చేసి అద్దెకిస్తారు. నేను దెబ్బతిన్నానని చెప్పింది ఇక్కడే. శ్రావణ మాసం, ఒక హోటల్లో "ఉచిత" హాలు. పార్టిషనుకు అవతల నిశ్చితార్థం. మా ఎండీ గారు లేచి, వంద పంపులు దాటితే ఎంత డిస్కౌంటో చెప్పబోతున్నారు. సరిగ్గా అప్పుడే అవతల నాదస్వరం, ఆ వెంటనే గట్టిమేళం. ఆయన ఆగారు. మేళం ఆగింది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు, మేళమూ మొదలైంది. మిర్యాలగూడ డీలరు ఒకాయన లేచి, "అక్షింతలు ఎక్కడ పెట్టారండీ?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. డిస్కౌంటు ఎంతో మాత్రం ఎవరికీ వినపడలేదు. మర్నాడు ముప్పై ఫోన్లు.

"మైకు, ప్రొజెక్టరు వాళ్లవే"

ఉంటాయి. కొన్ని చోట్ల అద్దెలో కలిసి, కొన్ని చోట్ల విడిగా. మన లాప్‌టాప్ తీసుకెళ్లి ముందు రోజే తగిలించి చూసుకోవడం తప్ప దీని మీద చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం మెసేజ్ రాసినవాడికి తెలిసినట్టు లేదు. పాటలు. టీ విరామంలో సినిమా పాటలు పెడతాం కదా, వాటికి పాటల హక్కులు చూసుకునే పీపీఎల్, ఐపీఆర్ఎస్ లాంటి సంస్థల లైసెన్సు అడుగుతారు. పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లి వేడుకలకూ కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. డీలర్ల మీట్ పెళ్లి కాదు. అక్షింతలు అడిగినా కాదు.

"వారం ముందు ఫోన్ చేస్తే చాలు"

ఇక్కడ ఆ కొంత నిజం ఒప్పుకోవాలి. కొన్ని నెలల్లో వారం ముందు కాదు, మూడు రోజుల ముందు చేసినా దొరుకుతుంది, బేరమూ కుదురుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు. హాళ్లు ఖాళీగా ఉంటాయి, మేనేజర్లే ఫోన్ చేస్తారు. మాఘంలోనో శ్రావణంలోనో మంచి ముహూర్తం ఉన్న రోజు అడిగితే, మూడు నెలల ముందే అడ్వాన్సులు పడిపోయి ఉంటాయి. అందుకే మా ఆఫీసులో మీట్ తేదీ ఖాయం చేసే ముందు నేను పంచాంగం తీస్తాను. ఎండీ గారు మొదట్లో నవ్వారు. ఆషాఢంలో దొరికిన రేటు చూశాక ఇప్పుడు ఆయనే "మూఢం ఎప్పుడయ్యా?" అని అడుగుతున్నారు.

హోటళ్లు తప్ప ఇంకేమీ లేవన్నట్టు కూడా ఉంది ఆ మెసేజ్. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో వ్యాపార, పరిశ్రమల సంఘం ఎఫ్‌టీసీసీఐ భవనం, ఖైరతాబాదులో ఇంజనీర్ల సంస్థ భవనం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, విజయవాడలో ఎంబీ విజ్ఞాన కేంద్రం, ఇలాంటి చోట్ల మీటింగులకు అలవాటుపడ్డ హాళ్లున్నాయి. పక్క గదిలో పెళ్లి ఉండే భయం తక్కువ. పైగా జనం ఎలా వస్తారో చూడండి. నల్గొండ వైపు నుంచి బస్సులో వచ్చే డీలరు ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే లకడీకాపూల్, ఖైరతాబాద్ దాకా ఒకటే రైలు. అదే మాదాపూర్‌లో హాలు పెడితే అమీర్‌పేటలో దిగి మారాలి. కారులో వచ్చేవాళ్లు సాయంత్రం వెనక్కి పోవడం ఇంకో శిక్ష. అందుకే భోజనం అయీ అవగానే సగం హాలు ఖాళీ అవుతుంది.

మీది కంపెనీ అయ్యి, పెట్టేది వార్షిక సర్వసభ్య సమావేశమైతే ఎక్కడ నచ్చితే అక్కడ పెట్టే వీలు లేదు. కంపెనీల చట్టం సెక్షన్ 96 ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపు, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊళ్లోనే. లిస్టు కాని కంపెనీలైతే సభ్యులందరూ ముందే ఒప్పుకుంటే దేశంలో ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు. జాతీయ సెలవు రోజున కుదరదు.

"కాగితాలు అక్కర్లేదు"

ఫోన్లో మాట్లాడిన బాంక్వెట్ మేనేజరు మీట్ రోజుకు ఇంకో హోటలుకు మారిపోయి ఉండొచ్చు. నాకు అలా రెండుసార్లయింది. పెద్ద అగ్రిమెంటు అక్కర్లేదు, ఒక ఈమెయిల్ చాలు. నేను రాసేవి ఇవి: హాలు పేరు, ఏ ముక్క, ఎన్నింటి నుంచి ఎన్నింటికి, ముందు రోజు రాత్రి సామాను దించుకునే టైము. సీటింగు ఏ రకం, బల్లలు ఎన్ని. గ్యారంటీ ప్లేట్లు, ఆఖరి సంఖ్య ఎన్ని గంటల ముందు చెప్పాలి. హాలు అద్దె ఒక లైనులో, తిండి ఇంకో లైనులో, పన్ను శాతం దేనికది, బిల్లు మీద రావాల్సిన జీఎస్టీ నంబరు. రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందైతే ఎంత తిరిగిస్తారు. జనరేటరు ఖర్చు ఎవరిది.

ఆఖరి లైను శ్రావణ మాసం తర్వాత చేర్చాను: పార్టిషనుకు అవతల ఆ రోజు ఏమేం బుకింగులున్నాయో రాసివ్వాలి. ఒక మేనేజరు దానికి జవాబివ్వకుండా మూడు రోజులు దాటేశాడు. ఆ హోటల్ వదిలేశాను.