సవరణ: టింబక్టు రాతప్రతులు అన్నీ కాలిపోలేదు

మాలి దేశంలోని టింబక్టు గురించి మొన్న రాసినప్పుడు, 2013 జనవరిలో తీవ్రవాదులు అక్కడి ప్రాచీన రాతప్రతులన్నిటినీ తగలబెట్టారని చెప్పాను. అది తప్పు. ఆ రోజుల్లో వచ్చిన తొలి వార్తలనే నమ్మి, తర్వాత ఏం తేలిందో చూడకుండా రాశాను.

యునెస్కో, మాలి అధికారుల లెక్కల ప్రకారం అక్కడి రాతప్రతులను భద్రపరిచే అహ్మద్ బాబా సంస్థలో కాలిపోయినవి, పోయినవి దాదాపు 4,000. అదీ చిన్న నష్టం కాదు. కానీ అత్యధిక భాగం దక్కాయి. గ్రంథపాలకులు, పాత కుటుంబాలవారు ప్రాణాలకు తెగించి వాటిని ఇనుప పెట్టెల్లో సర్ది, బండ్లమీదా నైజర్ నది పడవల్లోనూ రాజధాని బమాకోకు చేర్చారు. వారి సాహసాన్ని నా వాక్యం పూర్తిగా తుడిచేసింది. నన్ను ఎక్కువగా బాధించింది అదే.

ఇంకొక మాట. టింబక్టులో జరిగిన విధ్వంసం ఇస్లాంకూ ఇతరులకూ మధ్య గొడవ అని కొందరు అర్థం చేసుకున్నారు. కానీ 2012లో అన్సార్ దీన్ అనే ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ అక్కడ కూల్చినవి ముస్లిం సాధువుల సమాధులే. సమాధులను గౌరవించడం విగ్రహారాధనతో సమానమని వారి వాదం. టింబక్టు ముస్లింలు తరతరాలుగా అక్కడ ప్రార్థించేవారు. కూల్చిన 14 సమాధి మందిరాలను స్థానిక మేస్త్రీలే 2015 నాటికి మళ్లీ కట్టారు.