‘ఫస్టియర్‌లోనే క్రెడిట్ కార్డు తీసుకో’ అన్న ఫార్వర్డ్‌కి ఓ మేనమామ జవాబు

మా చెల్లెలి కొడుకు ఈ ఏడాదే హైదరాబాద్ శివార్లలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. హాస్టల్ గదిలో పెట్టె విప్పి వారం కాలేదు, నాకో వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. "మామయ్యా, ఇది నిజమేనా? మా క్లాస్ గ్రూప్‌లో అందరూ తిప్పుతున్నారు" అని కింద ఒక ముక్క రాశాడు.

కొత్తగా కాలేజీలో చేరినవాళ్లకు ఎవరూ చెప్పని డబ్బు రహస్యాలట. క్రెడిట్ కార్డు ఇప్పుడే తీసుకో, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన భాగం) కడుతుంటే చాలు, సిబిల్ (అప్పులు ఎలా కడుతున్నామో చూసి ఇచ్చే స్కోర్) పెరుగుతుంది. ఫోన్, లాప్‌టాప్ నో కాస్ట్ ఈఎంఐలో, అంటే వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల్లో కొను, అది ఉచితమే. ఎడ్యుకేషన్ లోన్‌కి చదువు అయ్యేదాకా వడ్డీ ఉండదు కాబట్టి వీలైనంత ఎక్కువ తీసుకో. నెలకు 500 సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పొదుపు) వేస్తే కోటీశ్వరుడివి, తొందరగా కావాలంటే ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర ఎటు పోతుందోనని వేసే పందెం లాంటిది) ఉంది. ఇంటి నుంచి వచ్చే డబ్బుని 50-30-20గా విడగొట్టు. సారాంశం ఇదీ.

పద్నాలుగేళ్లుగా బ్యాంకులో లోన్ల డెస్క్ దగ్గర కూర్చుంటున్నాను. అందుకే వాడికి కాస్త పెద్ద జవాబే రాశాను.

ముందు కార్డు సంగతి. అప్పు చరిత్ర లేకపోతే సిబిల్ స్కోర్ రాదన్నది నిజమే. ఆ స్కోర్ 300 నుంచి 900 మధ్య ఉంటుంది. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఆ స్కోర్ ఎవరు అడుగుతారు? పైగా ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే అది వాడి పేరు మీదే ఉంటుంది. రేపు దాని వాయిదాలు వేళకు కడితే స్కోర్ దానంతటదే వస్తుంది. జీతం లేని స్టూడెంట్‌కి మామూలుగా కార్డు ఇచ్చేది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద. అంటే కార్డు కోసం ముందు నాన్న డబ్బు కొంత బ్యాంకులో ఇరుక్కోవాలి.

అసలు ప్రమాదం ఆ ‘మినిమమ్ డ్యూ’ దగ్గరుంది. కార్డు మీద 20,000 పెట్టి ఫోన్ కొన్నావనుకుందాం. మినిమమ్ డ్యూ 5 శాతమైతే 1,000 కడతావు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం లెక్కన 700. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అదో 126. నువ్వు కట్టిన వెయ్యిలో 826 వీటికే పోతుంది. అసలులో తగ్గేది 174 రూపాయలు. ఆ నెల మిగతా ఖర్చులన్నీ తగ్గించుకుని వెయ్యి సర్ది కట్టినా ఇంకా 19,826 బాకీ! ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పాత బాకీ ఉండగా కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వాటికి వడ్డీ లేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. వచ్చిన బిల్లు వచ్చినట్టు మొత్తం కట్టేవాడికి కార్డు మంచి వస్తువే, కాదనను. కానీ ఈ మెసేజ్ చెప్పేది అది కాదు కదా. సిబిల్ కోసమని కార్డు తీసుకుని, కట్టలేక, పాతికేళ్లకే బైక్ లోన్ రాక నా ముందు కూర్చున్నవాళ్లను చూశాను.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఎక్కువ చెప్పను. జీరో శాతం వడ్డీ అన్నదే లేదని, అది ప్రాసెసింగ్ ఫీజు వేషంలో వస్తుందని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు చాలాచోట్ల జరిగేదేంటంటే, వడ్డీ వేస్తారు, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొన్నవాడి నెత్తినే. ఒక్క వాయిదా బౌన్స్ అయితే ఫైనాన్స్ కంపెనీ ఒక చార్జీ, బ్యాంకు ఇంకో చార్జీ. లాప్‌టాప్ కావాలంటే మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో గడిపి, మీ బ్రాంచికి ఎలాంటిది సరిపోతుందో సీనియర్లను అడిగి అప్పుడు కొనమన్నాను.

ఎడ్యుకేషన్ లోన్ మాట వినగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది నా రోజువారీ పని. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఒక ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు. అంతవరకు నిజం. వాయిదా లేకపోవడం వేరు, వడ్డీ లేకపోవడం వేరు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నావు, వడ్డీ 10 శాతం, సాధారణ వడ్డీయే అనుకో. మొదటి లక్ష మీద ఐదేళ్లకు 50,000, రెండో లక్ష మీద 40,000, ఆపై 30,000, 20,000. మొత్తం లక్షా నలభై వేలు. నాలుగు లక్షల అప్పు, వాయిదాలు మొదలయ్యే రోజుకి 5 లక్షల 40 వేలు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో బ్రాంచికి వచ్చి ఈ అంకె చూసి, "సార్, నేను తీసుకుంది నాలుగే కదా?" అని అడిగే పిల్లలు ఏటా ఉంటారు.

దీనికి మందు లేకపోలేదు. మొదటి ఏడాది లక్ష మీద వడ్డీ నెలకు 833 రూపాయలు. ఇంట్లో వీలైతే అది ఎప్పటికప్పుడు కట్టేయొచ్చు. అలా కట్టేవాళ్లకు వడ్డీ రేటులో ఒక శాతం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు నిబంధనలు కలిసినప్పుడు ఆ వాయిదా లేని కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో, ఎంపిక చేసిన కాలేజీల్లో చదివేవాళ్లకు, ఆదాయం ఎనిమిది లక్షల దాకా ఉన్నా మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. ఫార్వర్డ్ రాసినవాడు ఇవి చెప్పి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి. ‘వీలైనంత ఎక్కువ తీసుకో’ అన్నది అసలు కుదిరే పనే కాదు. ఫీజు డబ్బు బ్యాంకు నుంచి నేరుగా కాలేజీకి పోతుంది, అదీ ఏడాదికొకసారి. చేతికి రాదు.

ఇక కోటీశ్వరుడి కథ. నెలకు 500, ఏడాదికి 12 శాతం ఖాయంగా వస్తుందనే అనుకున్నా కోటి కావడానికి 44 ఏళ్లు పడుతుంది. మావాడికి అప్పటికి 62. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే ఆనాటి కోటి ఈనాటి ఎనిమిది లక్షల లోపే. సిప్ చెడ్డదని కాదు, సంపాదన మొదలయ్యాక వేయమన్నాను. ఆప్షన్స్ జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క తీసి చెప్పింది. మెస్ బిల్లు డబ్బుతో ఆడే ఆట కాదిది.

మిగిలింది 50-30-20. అవసరాలకు సగం, సరదాలకు ముప్పై, పొదుపుకి ఇరవై. నెలనెలా జీతం వచ్చేవాడికి కుదరొచ్చు. ఫస్టియర్ కుర్రాడికి ఖర్చులు అలా వరసలో రావు. జులైలో హాస్టల్ అడ్వాన్స్, ఆగస్టులో ఇంజినీరింగ్ డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్, ఏప్రాన్, రికార్డులు, తర్వాత పరీక్ష ఫీజు, అన్నీ ఒక్కోసారి మీద పడతాయి. అందుకే శాతాలు పక్కనపెట్టి, నెలరోజులు అయిన ఖర్చు అయినట్టు రాయమన్నాను. ఆగస్టు పేజీ ఫొటో తీసి పంపాడు. డ్రాఫ్టర్ సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, శభాష్. జిరాక్స్‌లు, రీచార్జి, బస్ పాస్ అన్నీ రూపాయితో సహా ఉన్నాయి. చివర్లో ‘చాయ్, సమోసా - రోజూ’ అని రాసి, పక్కన అంకె వేయలేదు.

"ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తీసి కూడరా" అన్నాను. ఇరవై, నలభై, అరవై చొప్పున 43 చెల్లింపులు. మొత్తం 1,640. కాసేపు లైన్లో మాట లేదు. వాళ్ల నాన్న నెలకు పంపేది ఆరు వేలు.

ఇప్పుడు వాడికి రెండు అకౌంట్లు. ఇంటి డబ్బు ఒకదాంట్లో పడుతుంది, దానికి యూపీఐ లేదు. ప్రతి సోమవారం అందులోంచి వెయ్యి రెండోదాంట్లోకి మార్చుకుంటాడు. కార్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఈ జవాబంతా క్లాస్ గ్రూప్‌లో పెడతానన్నాడు గానీ, "ఆ చాయ్ లెక్క మాత్రం తీసెయ్ మామయ్యా, పరువు పోతుంది" అన్నాడు. నేను తీయలేదు.