‘కూడా’ అనే మాట ఎందుకు?

రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్ జవాన్లకు ఆ పేరు నోరు తిరగలేదు. నెయికెజాకువో కెంగురూసె. ఇంట్లోవాళ్లు ముద్దుగా నెయిబు అనేవారు. అది జవాన్ల నోట్లో పడి నింబు అయింది. ఆఫీసరు కాబట్టి వెనక సాబ్ చేరింది. నింబూ సాబ్, అంటే నిమ్మకాయ సారు. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న ఈ నింబూ సాబ్ ద్రాస్ కొండల్లో నేలకొరిగాడు. ఇంకో పదిహేడు రోజులు బతికి ఉంటే పాతికేళ్లు నిండేవి.

నాగాలాండ్ రాజధాని కొహిమాకు దగ్గర్లోని నెర్హెమా అతని ఊరు. అంగామి నాగా తెగ. బాప్టిస్టు క్రైస్తవ విశ్వాసంలో పుట్టి పెరిగాడు. ఆ రాష్ట్రంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది క్రైస్తవులే. ఆదివారం అంటే అక్కడ చర్చి, మూసిన దుకాణాలు. చదువయ్యాక కొహిమాలో ఒక సర్కారు బడిలో పాఠాలు చెప్పాడు. తర్వాత డెహ్రాడూన్ అకాడమీకి వెళ్లి 1998 డిసెంబరు 12న ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఆఫీసరుగా చేరాడు. సైన్యానికి బియ్యం, పప్పు, డీజిల్ అందించేది, లారీలు నడిపించేది ఆ విభాగమే. దాని నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’. సేవ చేయడమే మా ధర్మం అని. కొత్తగా చేరిన ఆఫీసర్లను కొంతకాలం పదాతి దళానికి పంపే పద్ధతి ఉంది. అలా వెళ్లిన కెంగురూసె ఆరున్నర నెలల సర్వీసులోనే ఘాతక్ ప్లాటూన్‌కు నాయకుడయ్యాడు. అందరికంటే ముందు వెళ్లి కొట్టాల్సిన ప్లాటూన్ అది.

ఆ రాత్రి వాళ్లు పట్టుకోవాల్సింది బ్లాక్ రాక్ అనే చోటు. దాదాపు 16 వేల అడుగుల ఎత్తు, ఎముకలు కొరికే చలి, పైనుంచి మెషిన్‌గన్ కాల్పులు. ఎక్కుతుండగానే కెంగురూసె పొట్టలో తూటా పెంకు దిగింది. రక్తం కారుతున్నా ఆగలేదు. ఆఖరున నిలువుగోడ లాంటి రాయి అడ్డొచ్చింది. మంచు పట్టిన ఆ రాతి మీద బూట్లు జారుతున్నాయి. విప్పేశాడు. వట్టి కాళ్లతో, రాకెట్ లాంచర్ మోసుకుంటూ తాడు పట్టుకుని పైకి చేరాడు. శత్రువుల బంకర్ మీద దాన్ని పేల్చాడు. మీదికొచ్చినవాళ్లలో ఇద్దర్ని రైఫిల్‌తో, ఇద్దర్ని కత్తితో పడగొట్టాడు. ఆ తర్వాత తూటా తగిలి లోయలోకి ఒరిగిపోయాడు. ప్రభుత్వం మహావీర్ చక్ర ప్రకటించింది. ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి ఆ పతకం అందుకున్నది అతనొక్కడే.

విప్పిన బూట్ల దగ్గర ఏ సంపాదకుడికైనా కలం కొట్టుకుంటుంది. మండుతున్న పొద ముందు మోషే చెప్పులు విడిచిన కథ బైబిల్లో ఉంది కదా, దాన్ని ఇక్కడికి తెచ్చి అతికించాలనిపిస్తుంది. వద్దు. బూట్లు జారుతున్నాయి కాబట్టి విప్పాడు. వెనకున్న జవాన్లు పైకి రావాలంటే ముందు ఎవరో ఒకరు ఎక్కాలి, అతను ఎక్కాడు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదని యోహాను సువార్తలో ఉన్న మాటను చర్చికి వెళ్లేవాళ్లు చిన్నప్పటి నుంచీ వింటారు. అతనూ విన్నవాడే.

అతను నాన్నకు ఒక ఉత్తరం రాశాడు. మళ్లీ ఇంటికి రాలేకపోవచ్చు, రాకపోతే నా కోసం ఏడవొద్దు, దేశానికి నా శక్తి మేరకు ఇవ్వాలని ఎప్పుడో తీర్మానించుకున్నాను అన్నది దాని సారాంశం. యుద్ధానికి పోయిన కొడుకు తండ్రిని ఏడవొద్దని అడగడం వెనక ఏ నమ్మకం ఉంటుందో, సమాధి దగ్గర కథ ముగిసిపోదని నమ్మేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

అదే రోజుల్లో, అదే బెటాలియన్ నుంచి ఇంకో రెండు ఉత్తరాలు వెళ్లాయి. ఒకటి మన హైదరాబాద్‌కే. మేజర్ పద్మపాణి ఆచార్య కుటుంబం ఇక్కడే ఉండేది. అప్పుడు ఆయన భార్య గర్భిణి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పండి, పుట్టబోయే మీ మనవడికో మనవరాలికో మంచి విలువలు అబ్బుతాయి అని తండ్రికి రాశాడు ఆచార్య. కెప్టెన్ విజయంత్ థాపర్ వయసు ఇరవై రెండు. ఈ ఉత్తరం మీకు అందేసరికి నేను పైన అప్సరసల ఆతిథ్యంలో ఉంటానని రాశాడు. ఈ ఇద్దరూ అదే పోరులో పోయారు. ముగ్గురూ ఎవరి నమ్మకంలో వాళ్లు నిలబడి, ఎవరి భాషలో వాళ్లు ఇంటికి వీడ్కోలు చెప్పుకున్నారు. ముగ్గురూ ఎక్కింది మాత్రం ఒకే శత్రువు కూర్చున్న కొండలు.

ఇక అసలు విషయానికొద్దాం. ఏటా జులై 26న, కార్గిల్ దినం నాడు వేదికల మీద ఒక మాట వినబడుతుంది. ‘క్రైస్తవులు కూడా దేశం కోసం ప్రాణాలిచ్చారు’ అని. చెప్పేవాళ్లది మంచి ఉద్దేశమే కావచ్చు. కొన్నిసార్లు చెప్పేది క్రైస్తవ పెద్దలే, ఎవరో అడిగిన పరీక్షకు జవాబు రాస్తున్నట్టు. ఆ ‘కూడా’ మాకు గుచ్చుకుంటుంది. ఆచార్య గురించి చెప్పేటప్పుడు హిందువులు కూడా ప్రాణాలిచ్చారని ఎవరూ అనరు. అతని ప్రాణం సొంతింటివాడి ప్రాణం, కెంగురూసె ప్రాణం చుట్టంగా వచ్చినవాడి కానుక అన్నమాట! బ్లాక్ రాక్ మీద కారిన రక్తం ఎవరి దేశభక్తికీ సర్టిఫికెట్ కాదు. అతను దానికోసం ఎక్కలేదు.

దీనికి విరుగుడుగా ఇంకొందరు అసలు మతం ప్రస్తావనే వద్దంటారు. సైనికుడికి యూనిఫామే మతం అంటారు. వినడానికి బాగుంటుంది కానీ మన సైన్యం తీరు అది కాదు. మన సైన్యంలో మతగురువుల కొలువులు ఉన్నాయి. పండితుడు, గ్రంథి, మౌల్వీ, పాదిరి అందరూ జీతం తీసుకునే సైనిక ఉద్యోగులే. రాజ్‌పుతానా రైఫిల్స్ యుద్ధ నినాదం ‘రాజా రామచంద్ర కీ జై’. ఆ నినాదంతో కదిలే జవాన్లకు ఒక నాగా బాప్టిస్టు కుర్రాడు ముందు నడిచాడు. నాకు ఆ దేవుడు కాడు కదా అని అతను అనుకోలేదు, మాకు ఈ సాబ్ కాడు కదా అని వాళ్లూ అనుకోలేదు. నోరు తిరగని పేరును నిమ్మకాయ చేసుకుని మరీ దగ్గరకు తీసుకున్నారు. విశ్వాసాన్ని గేటు దగ్గర వదిలి రమ్మంటే ఈ కథలో సగం పోతుంది.

నాగా బిడ్డ సైన్యంలో చేరడం మనకు తోచినంత మామూలు సంగతి కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ కొండల్లో దశాబ్దాల తిరుగుబాటు నడిచింది. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం నీడ ఉంది. కాల్పుల విరమణ ఒప్పందం అమలయింది 1997లో. సైన్యం పేరు చెబితే భయపడ్డ తరం ఇంకా బతికే ఉన్న రోజుల్లో, మరుసటి ఏడాదే కెంగురూసె భుజం మీద నక్షత్రాలు పెట్టుకున్నాడు. ఈ చేదును దాచి అతన్ని పోస్టర్ బొమ్మ చేయడం అతనికి గౌరవం కాదు. ఇన్నేళ్లలో ఆ కొండల మాట మనం ఎంత విన్నాం అన్న ప్రశ్న అతని పక్కనే నిలబడి ఉంది. తెలుగు పత్రికలకూ అది వర్తిస్తుంది, మాతో సహా.

దూరం నిజానికి అంత లేదు. 1878లో ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఒంగోలు మిషన్, 1872లో నాగా కొండలకు చేరిన మిషన్ రెండూ ఒకే అమెరికన్ బాప్టిస్టు సంఘానివి. ప్రకాశం జిల్లా పల్లెలో ఆదివారం మోగే గంటకు, నెర్హెమాలో మోగే గంటకు ఆ చుట్టరికం ఉంది. జులై 26కు ముందొచ్చే ఆదివారం మన చర్చిల్లో ప్రార్థనలో అతని పేరు ఒకసారి తలిస్తే బాగుంటుంది. బడుల్లో వీరుల పేర్లు చదివేటప్పుడైతే తప్పకుండా చదవాలి. ఆ పేరు దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి మింగేయడం మన సభల్లో మామూలే. జవాన్లకూ నోరు తిరగలేదు, అయినా ఏదో ఒకటి పెట్టి పిలుచుకున్నారు. మనం పిలవడమే మానేశాం.

నె-యి-కె-జా-కు-వో. మొదటిసారి తడబడినా రెండోసారికి వచ్చేస్తుంది.