అడుగున ఉన్న అక్షరాలు చూస్తే చాలా? రోమన్ నాణేల టంకశాలల గురించి తిరుగుతున్న ఒక తప్పు సూత్రం

"రోమన్ నాణెం ఏ ఊరి టంకశాలలో తయారైందో కనుక్కోవడం చాలా తేలిక. బొరుసు వైపు అడుగుగీత కింద ఉన్న అక్షరాలు చూడండి, మొదటి అక్షరమే ఊరి పేరు. అక్షరాలే లేకపోతే అది రోమ్‌లో ముద్రించిందే." నాణేల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఒకరికొకరు పంపుకుంటున్న మాట ఇది. క్రీ.శ. 4వ శతాబ్దపు రాగి, కంచు నాణేల వరకు ఇందులో కొంత నిజముంది. దాన్నే అన్ని కాలాలకూ సూత్రంగా పట్టుకోవడం వల్ల తప్పు ఊళ్ళు నాణేలతో పాటు ఉంచే చీటీలకెక్కుతున్నాయి. ఒకసారి చీటీకెక్కిన తప్పు నాణెంతో పాటే చేతులు మారుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"అక్షరాలు లేకపోతే రోమ్‌దే." దీన్ని కాదనడానికి సాక్ష్యం మన దగ్గరే దొరికింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన వెండి నిధిలో ఉన్నవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల దెనారియస్‌లు అనే వెండి నాణేలు. దక్షిణ భారతంలో ఈ ఇద్దరి వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకదాని మీద అగస్టస్ మనవలు గాయస్, లూసియస్ డాళ్ళు, బల్లేలతో నిలబడి ఉంటారు. రెండోదాని మీద కూర్చున్న స్త్రీ, చుట్టూ "పాంటిఫ్ మాక్సిమ్" (ప్రధాన పూజారి) అన్న రాత. రెండింటి మీదా టంకశాల గుర్తు లేదు. అయినా అవి రోమ్‌వి కావు, లుగ్దునమ్‌వి. అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్. రోమన్లు అక్కడ బంగారు, వెండి నాణేలు ముద్రిస్తున్నారని ఆ కాలపు భూగోళవేత్త స్ట్రాబో రాసిపెట్టాడు.

టంకశాల గుర్తులు క్రమంగా మొదలైంది 3వ శతాబ్దం మధ్యలో. స్థిరపడింది 294 ప్రాంతంలో, డయోక్లీషియన్ చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణతో. అంతకు ముందరి నాణేలకు ఆధారం ముఖం చెక్కిన తీరు, రాతలోని పదాల వరస, ముద్ర వేసిన అచ్చుల పోలిక. నీరో కంచు నాణేల్లో మెడ కొస కింద చిన్న గోళం ఉంటే అది లియాన్‌ది. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి దెనారియస్ మీద బొమ్మ వైపు రాత చివర "కాస్ టూ" (రెండోసారి కాన్సుల్ పదవి) అని ఉంటే సామ్రాజ్యం తూర్పు ప్రాంతపు టంకశాల. గోళం కోసం భూతద్దం పెట్టి చూడాలి. నాణెం బాగా అరిగితే ముందు పోయేది అదే.

"రోమా పేరుంటే రోమ్‌ది." ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 330 నుంచి వచ్చిన చిన్న కంచు నాణేల మీద శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత, "అర్బ్స్ రోమా" అన్న రాత, వెనక కవలలకు పాలు ఇస్తున్న తోడేలు ఉంటాయి. అది నగరానికి పట్టిన గౌరవమే తప్ప చిరునామా కాదు. ఇదే బొమ్మను ట్రియర్, ఆర్ల్, సిస్కియా, థెస్సలొనీకి, నికోమీడియా, ఆంటియోక్ టంకశాలలూ ముద్రించాయి. తోడేలు కింద టీ-ఆర్-పీ అని ఉంటే ట్రియర్ మొదటి కార్ఖానాది (టంకశాలలోని ఒక విభాగం). అదే టీ-ఆర్-పీ బొమ్మ చుట్టూ ఉన్న రాతలో వస్తే ఊరితో సంబంధం లేదు. అది చక్రవర్తికున్న ట్రిబ్యూన్ (ప్రజల పక్షపు అధికారి) అధికారం.

"మొదటి అక్షరమే ఊరు." ఎస్-ఎం-ఎన్-ఏ తీసుకోండి. ఎస్-ఎం అంటే "పవిత్ర టంకశాల", ఎన్ నికోమీడియా, చివరి ఏ గ్రీకు లెక్కలో 1, అంటే మొదటి కార్ఖానా. ఊరు మధ్యలో ఉంది. పీ-ఎల్-ఎన్‌లో ముందున్న పీ లాటిన్‌లో "మొదటిది", ఊరు లండన్. ఎక్స్-ఎక్స్-ఐ, లేదా దాని గ్రీకు రూపం కె-ఏ, ఊరే కాదు. ఆరేలియన్ చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణ తర్వాతి ఈ 21 అంకెకు 20 పాళ్ళ రాగికి 1 పాలు వెండి అని ఎక్కువమంది పండితులు అర్థం చెబుతారు. ఆ కె-ఏను చూసి కార్తేజ్ అనో కిజికస్ అనో రాసేస్తున్నారు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది సీ-ఓ-ఎన్-ఎస్-టీ దగ్గర. 328 ప్రాంతంలో ఆర్ల్ నగరానికి కాన్‌స్టాంటీనా అని పేరు మార్చారు. దాంతో పీ-కాన్‌స్ట్, ఎస్-కాన్‌స్ట్ గుర్తులు ఆర్ల్‌వి అయ్యాయి. అక్కడ కార్ఖానా అక్షరం ముందు వస్తుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో అది వెనక వస్తుంది: కాన్స్-ఏ, కాన్స్-ఐ-ఏ. చివరి ఐ-ఏ గ్రీకు 11. అక్షరం ముందుందా వెనకుందా అన్నదొక్కటే ఈ రెండు ఊళ్ళనూ విడదీస్తుంది.

"బంగారు నాణెం మీద కాన్-ఓబ్ ఉంటే కాన్‌స్టాంటినోపుల్." ఓబ్ అంటే శుద్ధ బంగారం, గ్రీకు అంకెల్లో 72 కూడా. ఒక రోమన్ పౌనుకు 72 సాలిడస్‌లు (బంగారు నాణేలు) కాబట్టి ఒక్కొక్కటి సుమారు 4.5 గ్రాములు. కాన్-ఓబ్, కామ్-ఓబ్ రానురాను నాణ్యతకు హామీ ముద్రలుగా మారి వేరే ఊళ్ళ నాణేల మీదికీ వెళ్ళాయి. అందుకని బొరుసు బొమ్మకు రెండు పక్కలా చూడండి. ఎం, డీ ఉంటే మిలాన్. ఆర్, వీ ఉంటే రవెన్నా. ఆర్, ఎం ఉంటే రోమ్. అయితే పక్కనున్న అక్షరాలన్నీ ఊళ్ళు కావు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సూర్యదేవుడి నాణేల మీద టీ, ఎఫ్ ట్రియర్‌లో కనిపిస్తాయి. అవి ఏ విడతలో ముద్రించారో చెప్పే గుర్తులు.

చేతిలో నాణెం ఉంటే ముందు 0.01 గ్రాము వరకు తూచే త్రాసు మీద పెట్టండి, వ్యాసం మిల్లీమీటర్లలో కొలవండి. తర్వాత బొమ్మ వైపు రాత మొత్తం, ఆ రాత తల దగ్గర ఎక్కడ తెగిందో సహా రాసుకోండి. ఆపైన బొరుసు, పక్క గుర్తులు, చిట్టచివర అడుగు అక్షరాలు. చక్రవర్తి, కాలం తేలితే ఆ ఏళ్ళలో పనిచేసిన టంకశాలలే మిగులుతాయి. ఉదాహరణకు లండన్ 325లో మూతపడింది; ఆ తర్వాత పుట్టిన "అర్బ్స్ రోమా" మీద ఎల్ కనిపిస్తే అది లండన్ కాదు, లియాన్ ఏమో చూడాలి.

మట్టి పట్టిన కంచును చింతపండుతో తోమకండి. ఇత్తడి బిందెకు పనికొచ్చే పులుపు ఇక్కడ పచ్చటి పొరను కరిగిస్తుంది, చాలాసార్లు అక్షరాల అంచులు మిగిలి ఉన్నది ఆ పొరలోనే. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తని బ్రష్ వాడితే చాలు. ఫొటోకు దీపాన్ని పక్క నుంచి, బాగా కిందుగా పెట్టాలి; పైనుంచి వెలుగు పడితే గీతలు కనబడవు.

ఎస్-ఎం-హెచ్-ఏ (హెరాక్లియా), ఎస్-ఎం-ఎన్-ఏ మధ్య సందేహం తరచూ వస్తుంది. ఎన్‌లోని ఏటవాలు గీతను చాలాసార్లు దాదాపు అడ్డంగానే చెక్కేవారు. అప్పుడు అదే నాణెం బొమ్మ వైపు "కాన్‌స్టాంటినస్" పేరులో ఎన్‌ను ఎలా చెక్కారో చూసి, అడుగు అక్షరంతో పోల్చండి. అప్పటికీ తేలకపోయినా, బిళ్ళ చిన్నదై ఆ అక్షరం అంచు దాటిపోయినా, చీటీ మీద "హెరాక్లియా లేదా నికోమీడియా" అనే రాయండి.