బస్సును బట్టి బడి గంట

ఉదయం ఏడు దాటాక హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మాల్, మల్లేపల్లి, దేవరకొండ బస్సులు ఎక్కేవారిని గమనిస్తే, భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉపాధ్యాయులు చాలామందే కనిపిస్తారు. సాగర్ రోడ్డులో ఒక లారీ అడ్డం పడితే ఆ రోజు ఏదో పల్లెలో ప్రార్థన ఆలస్యమవుతుంది. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట, కోస్గి దారిలోనూ ఇదే వరస. బడి గంట బస్సును బట్టి మోగుతోందన్నమాట. అయితే ఈ బస్సుల్లోనే నోటు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని దిద్దుకుంటూ వెళ్లేవారూ ఉన్నారు. అందుకే పంతుళ్లకు నిష్ఠ లేదని ఒక్క మాటలో తేల్చేయడానికి మాకు మనసొప్పదు. ఆ నిష్ఠను గుర్తించి నిలబెట్టే పెద్దదిక్కు బడిలో లేకపోవడమే అసలు లోటు.

ప్రధానోపాధ్యాయుల (హెచ్‌ఎంల) గదిలోకి తొంగి చూడండి. బల్ల మీద మధ్యాహ్న భోజనం బిల్లులు, బడి గణాంకాలు నింపే యూడైస్ ఫారాలు. ఫోనులో ‘రెండు గంటల్లోగా వివరాలు పంపండి’ అనే సందేశాలు. పూర్తికాలపు మండల విద్యాధికారులు కరవై ఆ బరువూ హెచ్‌ఎంల నెత్తినే పడింది. మండలమంతా తిరిగే మనిషి సొంత బడిలో ఎన్ని పూటలు ఉండగలరు? ఆయన లేనప్పుడు కుర్చీ సీనియర్ స్కూల్ అసిస్టెంటుది. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చుని టీ తాగిన స్నేహితుణ్ని ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అడగడానికి ఆయనకు నోరు రాదు.

2025 ఆగస్టు నుంచి తెలంగాణ సర్కారు బడుల ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. మంచిదే. ముఖం బడికి వచ్చిందని ఫోను చెబుతుంది. మనిషి పాఠానికి వచ్చాడో లేదో చెప్పాల్సింది ఎనిమిదో తరగతి వెనుక బల్ల మీద ఒక పీరియడ్ కూర్చున్న హెచ్‌ఎం. పక్కనున్న పిల్లవాడి లెక్కల పుస్తకం తిప్పితే చాలు. పేజీకో ఎర్ర టిక్కు, కింద పొట్టి సంతకం. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మరచిన తప్పు మూడు పేజీలుగా సాగుతున్నా దాని మీదా టిక్కే! తెలివైన హెచ్‌ఎం పిల్లల ముందు ఆ మాట ఎత్తరు. విరామంలో ఉపాధ్యాయుణ్ని పిలిచి ఆ పేజీ చూపిస్తారు. మర్నాడు తానే సుద్దముక్క పట్టుకుని ఆ లెక్క చెబుతారు. ఆ తర్వాత ఎర్ర కలం అంత తొందరగా కదలదు. మెమోలతో జరిగే పని కాదిది.

పాలమూరులో ఈ అవసరం మరీ ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే అట్టడుగు. గద్వాల పత్తి విత్తన చేలల్లో పూలు దాటించే (చేత్తో పరాగ సంపర్కం చేసే) రోజుల్లో బల్లలు ఖాళీ అవుతాయి. దసరా వెళ్లాక మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో కుటుంబాలు వలస బయలుదేరితే మరికొన్ని ఖాళీ అవుతాయి. కొత్తగా చేరిన ఉపాధ్యాయురాలు తండాకు ఒంటరిగా వెళ్లి అడిగితే తండ్రి తల ఊపి ఊరుకుంటాడు. పక్కన హెచ్‌ఎం ఉండి, పిల్లకు హాస్టల్లో చోటు తాను చూస్తానని మాట ఇస్తే ఆలోచనలో పడతాడు.

1971లో పీవీ నరసింహారావు హయాంలో ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులంలో పిల్లలతోపాటు గురువుల కాపురమూ అక్కడే. ఇప్పుడు అందరూ ఊళ్లోనే ఉండాలని మేం పట్టుబట్టం. ఉపాధ్యాయినులకు సరైన మరుగుదొడ్డి కూడా లేని బడులున్నాయి. మరి హెచ్‌ఎం? ఆయనైనా బడికి అందుబాటులో ఉండాలి కదా.

సర్కారు కూడా తన వంతు చూసుకోవాలి. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు పంతుళ్లను పంపరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరులో ఇంటింటి కులగణనకు ఎస్‌జీటీలను (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులను) పంపి, ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపినవారు అంకితభావం గురించి ఉపన్యాసాలు ఇస్తే ఎవరు వింటారు?

మండల విద్యాధికారులను వేరుగా నియమించాలి. బిల్లులు, ఫారాలు చూసుకోవడానికి ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక గుమాస్తాను ఇవ్వాలి. పదోన్నతులు వేసవి సెలవుల్లోనే ముగించాలి. బదిలీల కోసం రోడ్డెక్కే సంఘాలు దీనికీ అంతే గట్టిగా గొంతెత్తాలి. హెచ్‌ఎంలకు వారానికి కొన్ని పీరియడ్లు తప్పనిసరి చేస్తే మాత్రం అడ్డుపడకూడదు.