‘గారు’ పోయారు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. నేను అందులోకి వెళ్ళేసరికి మా ఊరి పేజీ ఎవరో పెట్టేసి ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎన్ని ఇళ్ళు, ఎంతమంది ఆడ, ఎంతమంది మగ, పశువుల ఆసుపత్రి ఎంత దూరం... అన్నీ ఉన్నాయి. మా పెదనాన్నగారు ఒక్కరే లేరు.

ఈ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడానికి ఖాతా తెరిచాను. ‘సవరించు’ నొక్కి, “ప్రముఖ రంగస్థల నటులు, బహుముఖ ప్రజ్ఞాశాలి, కీర్తిశేషులు శ్రీ పెదనాన్నగారు ఈ పుణ్యభూమిలో జన్మించారు” అనే ధోరణిలో రాసి ప్రచురించాను. (పేరు కూడా రాశాను లెండి.) టీ తాగి వచ్చేలోపు వాక్యానికి ఆపరేషన్ అయిపోయింది. ‘ప్రముఖ’ పోయింది. పుణ్యభూమి పోయింది. శ్రీ, గారు జంటగా పోయారు. మిగిలింది ఇంతే: “రంగస్థల నటుడు. ఈ గ్రామంలో జన్మించాడు.” పక్కనే చిన్న అక్షరాల్లో ‘ఆధారం చూపాలి’.

జన్మించాడట! యాభై ఏళ్ళ కాపురంలో మా పెద్దమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ‘ఆయన’ అనడానికి కూడా కొంగు సర్దుకునేది. అలాంటి మనిషికి ‘డు’ తగిలించారు.

చర్చ పేజీలో నా నిరసన తెలియజేశాను. జవాబు మహా మర్యాదగా వచ్చింది. “మీ ఆవేదన అర్థమైందండీ. వ్యాసాల్లో గౌరవ వాచకాలు వాడం, గమనించగలరు.” గాంధీకే ‘జన్మించాడు’ అని ఉందని కూడా సెలవిచ్చారు. చర్చ పేజీల్లో మాత్రం ఒకరికొకరు ‘గారు’ లేకుండా మాట్లాడుకోరు. నిన్న మొన్న చేరిన నాకూ గారే. అంటే ‘గారు’ కావాలంటే మనిషి గొప్పవాడైతే చాలదు, ఖాతా తెరవాలి. పెదనాన్నగారికి ఇప్పుడు ఆ వీలు లేదు.

ఇక ఆధారం. పెద్దమ్మ సాక్ష్యం చెల్లదట, ఎక్కడైనా అచ్చయి ఉండాలట. ఇంతలో ఒక పత్రిక మా ఊరి జాతర మీద వ్యాసం వేసింది. రాసినాయన మా ఊరికి రాలేదు, వికీపీడియాకి వెళ్ళాడు. నా వాక్యం ఎత్తుకుని, ముందు ‘ప్రముఖ’ తనే చేర్చాడు. ఆ వ్యాసాన్నే తెచ్చి మూలంగా పెట్టాను. ‘ఆధారం చూపాలి’ మాయమైంది. నా మాటకు నేనే సాక్షినైతే కుదరదు గానీ, పేపరు చేతులు మారి వస్తే కుదురుతుంది.

సంతోషంతో ఫోన్ తీసుకెళ్ళి పెద్దమ్మకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుని చదివింది.

“నటుడు... జన్మించాడు... ఎవర్రా వీడు?”